కేంబ్రిడ్జి లాటిన్ ప్రసంగాలు: చెప్పినవే అచ్చయ్యాయా?

పాతపుటలు:
ఫ్రాన్సిస్కన్ (సెయింట్ ఫ్రాన్సిస్ క్రైస్తవ సంఘం) సన్యాసి స్టీఫెన్ బారన్ మత ప్రసంగాల్ని 16వ శతాబ్దం మొదట్లో లండన్‌లో వింకిన్ డి వోర్డ్ అచ్చేశాడు. ‘సెర్మోనెస్ డెక్లమాటి...’ అని మొదలవుతుంది పొడుగాటి లాటిన్ శీర్షిక. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ముందు గొంతెత్తి చెప్పినవని అర్థం. నాకైతే అది సరుకు అమ్ముకోవడానికి తగిలించిన మాటలా ఉంది. అసలు చెప్పింది వేరు, అచ్చయింది వేరు. కాదనేవాళ్లున్నారా?

గోదారిగట్టు:
ఉన్నామండీ. మీ మాట పారిస్‌లో ఒలివియే మయార్ విషయంలో చెల్లుతుంది. ఆయనా ఫ్రాన్సిస్కనే. జనానికి ఫ్రెంచిలో చెప్పాడు, పుస్తకమేమో లాటిన్‌లో వచ్చింది, మధ్యమధ్య ఫ్రెంచి ముక్కలతో. బారన్ ఎదుట కూర్చున్నవాళ్లు పాఠం వినడం, వాదించుకోవడం అన్నీ లాటిన్‌లోనే. భాష మార్చాల్సిన పనేముంది?

పాతపుటలు:
భాష సంగతి ఒప్పుకున్నా. మరి ఆ కట్టుబడి? ఆ కాలపు ప్రసంగమంటే ఒక బైబిల్ వాక్యం తీసుకోవడం, దాన్ని మూడుగా చీల్చడం, ఒక్కో చీలికనూ మళ్లీ చీల్చడం, మధ్యలో పాత క్రైస్తవ గురువుల మాటలు: అగస్టీన్ ఇలా అన్నాడు, బెర్నార్డ్ అలా అన్నాడు. ఇది కళ్లతో చదువుకునే వ్యవహారం, చెవికి ఎక్కదు.

కలంపోటు:
ఇక్కడే పొరబడుతున్నారు. ఆ చీలికల పేర్లను చాలాసార్లు ఒకే ధ్వనితో ముగిసేలా అల్లేవారు, మన అంత్యప్రాస లాగే. వినేవాడు వేళ్లమీద లెక్కపెట్టుకుని గుర్తుంచుకోవాలని. కళ్లకైతే ప్రాస దేనికండీ? చదవడానికి అసలు కష్టమైంది పుట. నల్లటి గోథిక్ అక్షరాలు, సగం మాటలు కుదించినవే. అక్షరం నెత్తిన చిన్న గీత కనిపిస్తే ‘మ్’ గానీ ‘న్’ గానీ మింగేశారని లెక్క. మన సున్నా చేసే పనే అది చేస్తుంది. మొదటి రెండు పేజీలకే నాకు తలనొప్పి పట్టుకుంది!

పాతపుటలు:
ప్రాస దెబ్బ గట్టిగానే తగిలింది. కానీ కొన్నదెవరో చూడండి. ‘డోర్మి సెక్యూరే’ అని వెర్డెన్ ఊరి యోహాన్నెస్ రాసిన ప్రసంగాల సంపుటి ఉంది, ఆయనా ఫ్రాన్సిస్కనే. పేరుకు అర్థం ‘నిశ్చింతగా పడుకో’. రేపటి ప్రసంగం తయారుగా ఉందన్నమాట! బారన్ పుస్తకం పోయిందీ ఆ అంగడికే. కొన్నవాడు ఎత్తి వాడుకోవడానికి వీలుగా సాపుచేయకుండా వదులుతారా?

గోదారిగట్టు:
సాపుచేస్తే చెప్పనిదైపోతుందా? తేలాల్సింది వేరే. కేంబ్రిడ్జిలో మొదటి అచ్చుపని, జాన్ సైబర్క్‌ది, మొదలైందే 1521లో, బారన్ పుస్తకం వచ్చాక. అందుకని రాతప్రతి లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లోని వింకిన్ అచ్చుశాల దాకా వెళ్లాల్సి వచ్చింది. అది బారన్ సొంత రాతా, వింటూ ఎవరో విద్యార్థి గీకిన నోట్సా? అలా విని రాసుకోవడం విశ్వవిద్యాలయాల్లో పాత అలవాటే.

పాతపుటలు:
విద్యార్థి నోట్సే అయితే నేను ఓడినట్టే, చెవిన పడిందే కాగితమెక్కింది కాబట్టి. బారన్ రాతైతే మాత్రం వదలను.

కలంపోటు:
విద్యార్థి కునుకు తీసిన చోట్ల ఏం రాశాడంటారు?