హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌లో డాక్టరు ఎంతసేపు ఉండాలి?

మలక్‌పేట అన్న:
మా తమ్ముడికి 29 ఏళ్లు. ముందువైపు జుట్టు బాగా పోయింది. ఫొటో చూశాక రెండు సంబంధాలు తప్పిపోయాయి. వాడు అమీర్‌పేట వైపు ఒక క్లినిక్‌లో హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌కి అడ్వాన్స్ కట్టడానికి వెళ్తుంటే నేనూ వెంట వెళ్లాను. మాతో మాట్లాడింది డాక్టరు కాదు, కౌన్సెలర్. ఈ వారంలో కడితే 40,000 అన్నారు, ఈఎంఐ కూడా ఉందన్నారు. సర్జరీ ఎవరు చేస్తారని అడిగితే "మా టీమ్ చేస్తుందండీ" అన్నారు. డాక్టరు గారి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే "ప్రొసీజర్ రోజు కలుస్తారు" అన్నారు. డబ్బు కట్టనివ్వకుండా వాణ్ని ఇంటికి తీసుకొచ్చేశాను. రెండు రోజులుగా నాతో సరిగ్గా మాట్లాడట్లేదు.

నా మాట ఇది. ఏ డాక్టరు చేస్తారో, ఎంతసేపు దగ్గరుంటారో కాగితం మీద రాసివ్వని చోట ఒక్క రూపాయి కూడా కట్టకూడదు. ఢిల్లీలో ఒకాయన ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత చనిపోతే అక్కడి హైకోర్టు కల్పించుకుంది. ఆ తర్వాత 2022 సెప్టెంబరులో నేషనల్ మెడికల్ కమిషన్ మార్గదర్శకాలు ఇచ్చింది. పద్ధతిగా శిక్షణ పొందిన డాక్టరే చేయాలని, వర్క్‌షాప్‌కి వెళ్లో యూట్యూబ్ చూసో నేర్చుకుంటే చాలదని అందులో ఉంది. నేను అడిగింది తప్పా?

కూకట్‌పల్లి బ్యాచిలర్:
అన్నా, అడగడం తప్పు కాదు. కానీ తమ్ముడి బాధ కూడా చూడండి. నాకు 31కే బట్టతల. ఆఫీసులో, పెళ్లిళ్లలో ఎన్ని మాటలు పడ్డానో నాకే తెలుసు. మూడేళ్ల కింద చేయించుకున్నాను. జుట్టు నాటడానికి తల మీద గీతలు (చిన్న కోతలు) డాక్టరు గారు పెట్టారు, వాటిలో గ్రాఫ్ట్‌లు, అంటే తల వెనక నుంచి తీసిన వెంట్రుకల కుదుళ్లు, పెట్టింది మొత్తం టెక్నీషియన్లే. 2,400 గ్రాఫ్ట్‌లు, ఏడు గంటలు పట్టింది. రిజల్ట్ బాగా వచ్చింది. నాకు పెట్టినావిడ ఎనిమిదేళ్లుగా రోజూ అదే పని చేస్తోంది. నిన్న కోర్సు అయిపోయి వచ్చిన సర్జన్‌కి ఆ చెయ్యి ఉంటుందా? మొదటినుంచి చివరిదాకా సర్జనే చేయాలంటే రేటు రెండింతలు, మూడింతలు అవుతుంది. అప్పుడు మనలాంటివాళ్లు ఇంకా చిన్న సందుల్లోని క్లినిక్‌లకి వెళ్తారు. అదే ఎక్కువ ప్రమాదం కాదా?

ఓటీ సిస్టర్:
నేను 14 ఏళ్లుగా థియేటర్ నర్సుని. చేతి నైపుణ్యం గురించి కూకట్‌పల్లి తమ్ముడు చెప్పింది నిజమే. గ్రాఫ్ట్ పెట్టడంలో మంచి టెక్నీషియన్‌ని మించినవాళ్లు తక్కువ. కానీ నా భయం గ్రాఫ్ట్ గురించి కాదు, మత్తు ఇంజెక్షన్ గురించి.

తల తిమ్మిరెక్కడానికి ఇచ్చేది లిగ్నోకెయిన్, మీరంతా జైలోకెయిన్ అంటారు. రక్తం కారడం తగ్గించే అడ్రినలిన్ కలిపి ఇస్తే మామూలుగా పాటించే హద్దు కేజీ బరువుకి 7 మిల్లీగ్రాములు. 2 శాతం మందులో ఎంఎల్‌కి 20 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే 70 కేజీల మనిషికి 24 ఎంఎల్ దగ్గరే హద్దు వచ్చేస్తుంది. ట్రాన్స్‌ప్లాంట్ అరగంటలో అయ్యే పని కాదు. ముందు తల వెనక భాగానికి ఇస్తారు, తర్వాత ముందు భాగానికి ఇస్తారు, మధ్యలో నొప్పి అంటే మళ్లీ ఇస్తారు. ఉదయం నుంచి మొత్తం ఎంత వెళ్లిందో ఎవరో ఒకరు రాసుకుంటూ ఉండాలి.

మోతాదు ఎక్కువైతే మొదట పెదాలు, నాలుక తిమ్మిరెక్కుతాయి, నోట్లో ఇనుము రుచి వస్తుంది, చెవుల్లో హోరు మొదలవుతుంది. మనిషి తికమకగా మాట్లాడతాడు. తర్వాత ఫిట్స్ వస్తాయి, గుండె కూడా ఆగిపోవచ్చు. ఆ మొదటి లక్షణాలని "టెన్షన్ పడుతున్నారు, రిలాక్స్ అవ్వండి" అని కొట్టిపారేస్తే అంతే. దానికి విరుగుడుగా నరానికి ఎక్కించే 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (కొవ్వు ద్రావణం), ఆక్సిజన్, గుండెకి షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ ఆ గదిలో ఉండాలి. అన్నిటికన్నా ముందు, వాటిని వాడటం తెలిసిన డాక్టరు అక్కడ ఉండాలి. నేను పనిచేసిన ఒక చోట ఉదయం గీతలు పెట్టి డాక్టరు వెళ్లిపోయేవారు. మధ్యాహ్నం మళ్లీ మత్తు ఎవరు ఇచ్చేవాళ్లో చెప్పడానికి నాకే బాధగా ఉంది. నాలుగు నెలల్లో మానేశాను.

కూకట్‌పల్లి బ్యాచిలర్:
సిస్టర్ గారూ, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. నాకు మధ్యలో రెండుసార్లు మత్తు ఇచ్చారు, ఎవరు ఇచ్చారో నేను చూడనే లేదు. డాక్టరు లోపలే ఉండాలన్న మాట ఒప్పుకుంటున్నా.

కానీ ఏ డాక్టరు? కమిషన్ ప్లాస్టిక్ సర్జన్, డెర్మటాలజిస్ట్ అంటుంది. అదే 2022లో డెంటల్ కౌన్సిల్ నోటి, దవడ సర్జన్లు కూడా చేయొచ్చంది. కౌన్సిళ్లకే ఒక మాట లేదు. బోర్డు మీద "కాస్మెటిక్ సర్జన్" అని ఉంటే మనకేం తెలుస్తుంది?

మలక్‌పేట అన్న:
బ్రదర్, బోర్డుని నమ్మొద్దు. డిగ్రీ చూడాలి. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ అంటే ఎంబీబీఎస్, ఎంఎస్ తర్వాత ఇంకో మూడేళ్లు. నంబరు చేతిలో ఉంటే మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో వెతకొచ్చు. అందుకే నంబరు ఇవ్వకపోతే నాకంత కోపం వచ్చింది.

ఇంకో విషయం. ఇవన్నీ జనం ఇంట్లో చెప్పకుండా చేయించుకుంటారు. 2016లో మన హైదరాబాద్‌లోనే ఒక కుర్రాడు ఎత్తు పెరగాలని కాళ్ల ఎముకలు కోయించుకున్నాడు. ఇంట్లోవాళ్లకి సర్జరీ అయ్యాకే తెలిసింది. తోడు ఎవరూ లేకపోతే ప్రశ్నలు అడిగేవాళ్లూ ఉండరు. సిగ్గుపడేలా చేసింది మనమే, జుట్టు గురించి ఇంట్లో జోకులు వేసింది నేనే. నిన్న రాత్రి వాడికి అదే చెప్పాను. కాసేపు ఏడ్చాడు. ఇప్పుడు మాట్లాడుతున్నాడు.

ఇంకో చోట అడిగాం. రేటు ఎక్కువే, 95,000. కానీ డాక్టరు గారే కూర్చొని మాట్లాడారు. గీతలు, మత్తు తనే చూస్తానని, గ్రాఫ్ట్‌లు టెక్నీషియన్లు పెడతారని ఉన్నదున్నట్టు చెప్పారు, లెటర్‌హెడ్ మీద రాసిచ్చారు. ముందు ఆరు నెలలు మందులు వాడి చూద్దామన్నారు. సిస్టర్ గారూ, తర్వాత సర్జరీ దాకా వెళ్తే మేం ఇంకేం అడగాలి? వాడికి మైగ్రేన్ ఉంది, ఏదో మాత్ర వాడుతున్నాడు.

ఓటీ సిస్టర్:
ఆ మాత్ర పేరు తప్పకుండా చెప్పండి. మైగ్రేన్‌కి ప్రొప్రనలాల్ ఇస్తుంటారు. అది వాడే మనిషికి మత్తు ఇంజెక్షన్‌లో కలిపే అడ్రినలిన్ ఎక్కిస్తే బీపీ ఒక్కసారిగా పెరిగిపోవచ్చు. మీరే ఆపేయకండి, రాసిన డాక్టరుని అడిగే ఆపాలి. ఆస్ప్రిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు ఉన్నా చెప్పండి. ఆఖరి గ్రాఫ్ట్ పెట్టేదాకా డాక్టరు అదే అంతస్తులో ఉంటారా అని అడగండి. ఆ రోజు మీరు బయట బెంచీ మీదే ఉండండి అన్నా, ఆఫీసుకి వెళ్లొద్దు.