కొట్టుడు లేదు, కానీ ఇంట్ల ఊపిరాడదు – దీన్ని హింస అనొచ్చా? ఎట్ల గుర్తుపట్టాలె?

సంఘం_హన్మకొండ (ప్రశ్న):
మహిళా సంఘం మీటింగులల్ల ఒక్కటే మాట మళ్ల మళ్ల వస్తది: "మా ఆయన చెయ్యి ఎత్తడు, కానీ భయమైతది." పెద్దమనుషుల దగ్గరికి పోతే మొదలు "కొట్టిండా?" అని అడుగుతరు. లేదంటే "సర్దుకపో బిడ్డా" అని పంపుతరు. మామూలు ఆలుమగల లొల్లికి, మనసును తొక్కే హింసకు తేడా ఎక్కడుంటది? ఏమడిగితే బయటపడ్తది? బయటపడ్డంక ఏం చెయ్యాలె? వివరంగ చెప్పండి, మీటింగుల చదివి వినిపిస్తం.

మాట_మందు:
అక్కా, "ఏమన్నడు?" అని అడిగితే దొరకదు. ఒక్కో మాట విడిగ చూస్తే చిన్నదే అనిపిస్తది, చెప్పేటామెకు కూడ సిగ్గైతది. "ఏడాది కింద చేసి ఇప్పుడు బంద్ చేసినవి ఏమున్నయ్?" అని అడగండి. మొన్న సద్దుల బతుకమ్మకు తల్లిగారింటికి పోయిందా? చెల్లెకు ఫోన్ చేసి ఎన్ని రోజులైంది? ఆటో కిరాయి కూడ అడిగి తీసుకోవాల్నా? ఆమె బతుకు ఎంత ఇరుకైందో చూడాలె.

"నాకే పోబుద్ధి కాలే" అని మొదలు అంటది. అప్పుడు "పోతా అంటే ఏమైతది?" అని మెల్లగ అడగండి. "వారం రోజులు మాట్లాడడు", "పిల్లల ఫీజు కట్టడు", "మా అమ్మకు ఫోన్ చేసి తిడ్తడు" అని వస్తే తేడా అక్కడనే ఉంది. లొల్లిల ఇద్దరికీ కోపమొస్తది, ఇద్దరూ "వద్దు" అనగలుగుతరు. హింసల ఒక్కరి "వద్దు"కే ధర కట్టాల్సొస్తది. బండి సప్పుడు వినంగనే టీవీ బంద్ చేసి, ఫోన్ దాచి, పిల్లల్ని గమ్మున కూసోబెడ్తుందంటే ఇంకేం అడగనక్కర లేదు.

ఎక్కువ కనబడేవి చెప్త.

జ్ఞాపకం మీద దెబ్బ: "నేను అననే లేదు, నీకు మతి తప్పింది." దీన్నే గ్యాస్‌లైటింగ్ అంటరు. నిజంగ మర్చిపోయినోనికి మెసేజ్ చూపిస్తే "అవునా" అంటడు. ఇట్లాంటోడు మెసేజ్ ఎందుకు దాచిపెట్టినవని తిరగబడ్తడు.

తిప్పికొట్టుడు: కుదువ పెట్టిన బంగారం సంగతి అడిగితే మొదలు "నేను పెట్టలే", తర్వాత "నీకు బంగారం పిచ్చి", ఆఖరికి "రోజంతా కష్టపడి వచ్చినోన్ని దొంగను చేస్తివి". ఒప్పుకోకపోవుడు, ఎదురుదాడి, బాధితుని వేషం – ఈ మూడు మెట్లకు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జెనిఫర్ ఫ్రైడ్ 1997లో 'డార్వో' అని పేరు పెట్టింది. అడగబోయినామెనే ప్రతిసారి మాఫీ అడిగి వస్తుందా అని చూడండి.

మౌనం: కోపం దిగేదాక గంటసేపు బయటికి పోయి రావుడు మంచిదే. ఎందుకో చెప్పకుండ, కాళ్ల మీద పడేదాక రోజులకు రోజులు మాట బంద్ పెట్టుడు శిక్ష.

ఇగ తీపి. లొల్లి అయినంక మటన్ తెస్తడు, చీర కొంటడు, మేడారం తీస్కపోతడు. "అంత ఘోరమైతే ఎందుకుంటది?" అని ఊరోళ్లు అడిగేదానికి జవాబు ఇదే. ప్రేమ ఎప్పుడు దొరుకుతదో తెల్వనప్పుడు మనసు దానికోసం ఇంకా గట్టిగ వేలాడ్తది. ఆమెది తెలివితక్కువతనం కాదు, దయచేసి ఆ మాట ఎవరూ అనకండి.

కిస్తు_లెక్క:
పైసల సంగతి కూడ చూడండి. స్త్రీనిధి లోన్ ఆమె పేరు మీద, వాడకం ఆయనది, కిస్తు తప్పితే సంఘంల మాట పడేది మళ్ల ఆమెనే. పాస్‌బుక్ ఎవరి దగ్గరుంది, బ్యాంకు మెసేజ్ ఎవరి ఫోన్‌కు పోతది అని రెండు ప్రశ్నలు అడిగితే చాలు. అదే ఖాతాల నంబర్ మార్పిస్తే పాత నంబర్‌కు మెసేజ్ పోవచ్చు. వేరే బ్యాంకుల కొత్త ఖాతా తెరుసుడు నయం.

ఫోన్ల వాట్సాప్‌ల 'లింక్డ్ డివైసెస్', గూగుల్ మ్యాప్స్‌ల 'లొకేషన్ షేరింగ్' చూడాలె. తెల్వని కంప్యూటర్ కనబడ్డా వెంటనే తీసెయ్యొద్దు, తీస్తే ఆయనకు తెలుస్తది. సాయం కోసం చేసే ఫోన్లన్నీ వేరేవాళ్ల ఫోన్ నుంచే చెయ్యాలె.

కోర్టు_మెట్లు:
"కొట్టలేదు కాబట్టి కేసు లేదు" అన్నది తప్పు. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 3లో మాటల హింస, మానసిక హింస, ఆర్థిక హింస విడిగా రాసి ఉన్నాయి. పిల్లలు కాలేదని, మగపిల్లాడు పుట్టలేదని ఎత్తిపొడవడం కూడా అందులో ఉంది. పెళ్లి కాకపోయినా పెళ్లిలాగే కలిసి ఉంటున్నవారికీ వర్తిస్తుంది.

జిల్లా సఖి కేంద్రానికో (హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ కేంద్రం), ఈ చట్టం కింద నియమించిన రక్షణాధికారికో చెప్తే సంఘటన నివేదిక రాసి మేజిస్ట్రేట్‌కు పంపుతారు. రక్షణ, నివాసం, ఖర్చులు, పిల్లల కస్టడీ, మానసిక వేదనకు పరిహారం అడగొచ్చు. అత్యవసరమైతే అవతలివారు రాకముందే మధ్యంతర ఉత్తర్వు ఇచ్చే అధికారం కోర్టుకుంది. రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా. "ఇల్లు మా అమ్మ పేరు మీదుంది, బయటికి నడువు" అనే బెదిరింపుకు భయపడకండి. అత్తమామల పేరున్న ఇంట్లో కాపురం ఉన్నా నివాస హక్కు అడగొచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. వకీలు ఫీజు ఇబ్బందైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాలి. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకు ఉచితం, ఫోన్ 15100.

ఈ కేసుల్లో ఎక్కువగా దెబ్బతినేది సాక్ష్యం దగ్గరే. "రోజూ హింసిస్తాడు" అంటే నిలబడదు. తేదీ, టైము, అన్న మాట అన్నట్టే, అప్పుడు ఎవరున్నారు – అంతా రాసి పెట్టాలి. ఆ నోట్‌బుక్ ఇంట్లో ఉండొద్దు. మెసేజ్‌లు నమ్మకమైనవారికి పంపి దాయించాలి.

సంఘం_హన్మకొండ:
ఇద్దర్నీ ఎదురెదురుగ కూసోబెట్టి పంచాయితీ చేస్తే సక్కగైతదంటరు కదా?

మాట_మందు:
వద్దక్కా. ఆయన ముందర ఆమె నిజం చెప్పలేదు, చెప్తే ఇంటికి పోయినంక దానికి ధర కట్టాలె. పంచాయితీల ఆయన నెమ్మదిగ మాట్లాడ్తడు, ఆమె ఏడుస్తది. పెద్దమనుషులు ఏడ్చినామెదే తప్పంటరు. ఒంటరిగ, వేరే పని పేరు మీద కలవండి. "ఇడిచిపెట్టు" అని మీరు హుకుం చేస్తే అక్కడ కూడ ఆమె మాట పోయినట్టే. "నమ్ముతున్న, నువ్వెప్పుడంటే అప్పుడు వస్త" అనండి.

ఇంకొకటి, మస్తు ముఖ్యం. ఆమె పోవాలని తయారైందని తెలిసిన రోజే ప్రమాదం ఎక్కువ. అప్పటిదాక కొట్టనోడు కూడ ఆరోజు కొట్టొచ్చు. గొంతు పట్టిండన్నా, చంపుత అన్నా ఆగకుండ 112 (అత్యవసర నంబర్) కొట్టండి. సలహాకు 181 (మహిళా హెల్ప్‌లైన్). "నువ్వు పోతే పురుగుల మందు తాగుత" అంటే ఆ మాటను నిజమనే పట్టుకోండి: 112కు, ఆయన అన్నదమ్ములకు చెప్పండి, మనసు బాధలకు సర్కారు పెట్టిన ఉచిత ఫోన్ సాయం టెలీమానస్ 14416 నంబర్ ఇవ్వండి. కాపలాకు మాత్రం ఆమెను వెనుకకు పంపొద్దు. ఇదే బాధల ఉన్న మొగోళ్లు కూడ 14416కు ఫోన్ చెయ్యొచ్చు.

ఆధార్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, పాస్‌బుక్, బంగారం రసీదులు, రోజు వేసుకునే గోలీలు – అసలువి తీస్తే అనుమానమొస్తది, ముందుగాల జిరాక్సులు చేయించి సంఘం బీరువల పెట్టండి.