చనిపోయినవారి పేస్‌మేకర్‌ను మరొకరికి అమర్చవచ్చా?

వరంగల్‌వాసి:
దహనానికి ముందు పేస్‌మేకర్ (గుండె సరైన వేగంతో కొట్టుకునేలా చూసే, ఒంట్లో అమర్చే పరికరం) తీసేయాలి, లేకపోతే మంటల్లో బ్యాటరీ పేలుతుంది. మా పెదనాన్న పోయినప్పుడు తీసి మాకే ఇచ్చారు. ఇంకా పనిచేస్తోంది. కొనలేక ప్రాణాలు పోతున్నచోట దీన్ని పారేయడానికి మనసొప్పడం లేదు. మీరేమంటారు?

నర్సమ్మ:
వద్దండీ. ఒక్కసారే వాడాలని కంపెనీయే రాస్తుంది. ఉన్నవాళ్లకు కొత్తది, లేనివాళ్లకు శవం నుంచి తీసిందా? పేదవాడి గుండె అంత లోకువా?

పరికరాల_ఇంజినీర్:
నర్సమ్మగారూ, మీ కోపం న్యాయమైనదే. అయినా జరిగినవి చూడండి. అమెరికాలో చనిపోయినవారి పేస్‌మేకర్లను శుద్ధి చేసి, ముంబై హోలీ ఫ్యామిలీ ఆసుపత్రిలో 53 మంది పేదలకు అమర్చారు. 2011లో వచ్చిన నివేదిక ప్రకారం ఒక్కరికీ ఇన్‌ఫెక్షన్ రాలేదు. 53 మంది చాలరంటారా? 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో పెద్ద అధ్యయనమే వచ్చింది. మెక్సికో, గ్వాటెమాలా వంటి దేశాల్లో వాడిన పరికరాలు పెట్టించుకున్న 1,051 మందిని, కెనడాలో కొత్తవి పెట్టించుకున్న 3,153 మందితో పోల్చారు. రెండేళ్లలో ఇన్‌ఫెక్షన్ వాడినవి పెట్టించుకున్నవాళ్లలో 2 శాతం మందికి, కొత్తవి పెట్టించుకున్నవాళ్లలో 1.2 శాతం మందికి వచ్చింది. గణాంకాల లెక్కలో అది చెప్పుకోదగ్గ తేడా కాదని తేల్చారు. పరికరం వల్ల చనిపోయినవారు లేరు.

మళ్లీ వాడేది చర్మం కింద పెట్టే డబ్బా మాత్రమే, గుండెలోకి వెళ్లే తీగలు కొత్తవి వేస్తారు. బ్యాటరీ తగినంత మిగిలి ఉంటేనే పనికొస్తుంది. నా భయమల్లా రోగికి చెప్పకుండా పెట్టి, కొత్తదాని బిల్లు వేసేవాళ్ల గురించే. దాత కుటుంబం ఒప్పుకోలు, రోగి ఒప్పుకోలు, సీరియల్ నంబరుతో రిజిస్టరు: ఈ మూడూ లేనిదే ముట్టుకోకూడదు.

వరంగల్‌వాసి:
ఆరోగ్యశ్రీ ఉంది కదా, ఇక్కడ అవసరం పడుతుందా?

పరికరాల_ఇంజినీర్:
కార్డున్నవాళ్లకు కొత్తదే పెట్టాలి, అందులో రాజీ లేదు. ఏ పథకమూ అందనివాళ్ల మాటేమిటన్నదే నా ప్రశ్న.

నర్సమ్మ:
గుండె నిమిషానికి 30 సార్లు కొట్టుకుంటూ కళ్లు తిరుగుతున్న మనిషి ముందు కాగితం పెడితే సంతకం చెయ్యక ఏంచేస్తాడు? దాన్ని ఒప్పుకోలు అనకండి.

పరికరాల_ఇంజినీర్:
నిజమే. అందుకే ముందు తాత్కాలిక పేసింగ్ తీగ (బయటి యంత్రంతో గుండెను కొట్టించేది) వేసి గుండె వేగాన్ని నిలకడకు తేవాలి. మనిషి తేరుకున్నాక, ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి అడగాలి. వద్దంటే తాత్కాలిక తీగ తీసేసి పంపించకూడదు, కొత్తదానికి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో ఆసుపత్రి ముందే రాసిపెట్టుకోవాలి. అది రాయలేని ఆసుపత్రికి వాడిన పేస్‌మేకర్లు అమర్చే అనుమతి ఇవ్వొద్దనే నేనూ అంటాను.