మాన్పడిపోవడం అంటే మూర్ఛేనా?

పర్లాకిమిడి నుంచి:

"మాన్పడిపోయింది" అనే మాట మీ ఇళ్ళలో ఇంకా వాడతారా? దీనితో నాకు పెద్ద చిక్కే వచ్చింది, అందుకే అడుగుతున్నాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది కదా, అప్పుడు మా పెరట్లో పనసచెట్టు కూలి వంటింటి రేకుల మీద పడింది. మా అత్త పొయ్యి దగ్గరే ఉంది. దెబ్బ తగల్లేదు. కానీ బియ్యం తవ్వ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పిలిస్తే పలకదు. రెప్ప వేస్తోంది, ఊపిరి ఆడుతోంది. తవ్వ ఒరిగి బియ్యం పాదాల మీద పడుతున్నా చూసుకోదు. పక్కింటి ఒడియా పెద్దమ్మ "పథర పాలటిగలా" అంది, రాయైపోయిందని. మా ఆడపడుచు "అమ్మ మాన్పడిపోయింది" అని ఏడ్చింది.

అది ఆ రోజుతో పోలేదు. పైన రేకు చప్పుడైతే మళ్ళీ అంతే. తేరుకున్నాక "వంటింట్లోకి ఎప్పుడొచ్చానే?" అని అడిగేది. బరంపురం తీసుకెళ్ళాం. డాక్టరుకి తెలుగు రాదు. తెలుగులోనూ ఒడియాలోనూ ఉన్న మాటే కదా అని "మూర్ఛ" అనేశాను. ఇంకేముంది, తలకి వైర్లు పెట్టి టెస్టు, ఫిట్స్ మాత్రలు. మత్తు తప్ప ఒరిగిందేమీ లేదు. ఏడాది పోయాక ఇంకో డాక్టరమ్మ "ఎప్పుడెప్పుడు వస్తుంది? ముందు ఏం వినబడుతుంది?" అని అడిగింది. అప్పుడు తేలింది, అది డిసోసియేషన్ అని, అంటే మనసు ఒంటి నుంచీ చుట్టూ ఉన్నవాటి నుంచీ తెగిపోయినట్టవడం. దీనికి మన మాట మాన్పాటేనా?

బరంపురం నుంచి, రిటైరైన తెలుగు మాస్టారు:

మ్రాను అంటే చెట్టు. మ్రోగు మోగు అయినట్టే మ్రాన్పడు మాన్పడు అయింది. చెట్టు మీద పడబోతే మనిషి మానైపోయింది, చూడమ్మా! కొయ్యబారడం, శిలైపోవడం కూడా ఆ బాపతే. అయితే ఇవన్నీ పక్కనుంచి చూసేవాళ్ళ మాటలు. లోపల ఆ మనిషికి ఎలా ఉందో ఒక్కటీ చెప్పదు. చెప్పగలిగింది "మైమరపు". మై అంటే ఒళ్ళు, ఒంటిని మరవడం. దాన్ని మనం పాటకీ భక్తికీ ఇచ్చేసుకున్నాం, భయానికి మిగల్లేదు.

జయపురం నుంచి:

వియోజనం అనొచ్చుగా?

బరంపురం మాస్టారు:

అనొచ్చు. పిల్లలు కెమిస్ట్రీ అనుకుంటారు, పెద్దలు విరహం అనుకుంటారు.

రాయగడ నుంచి, నర్సుని:

మాస్టారూ, డిసోసియేషన్ ఒక్క మాన్పాటే కాదండి. "నా చేతులు నావి కానట్టున్నాయి", "ఊరంతా సినిమా సెట్టింగులా ఉంది" అనేవాళ్ళు ఉంటారు. అలా అనిపిస్తోందే గానీ నిజం కాదని వాళ్ళకి తెలుసు. అందుకే పిచ్చి అనకూడదు. కొందరికి కొన్ని రోజుల జ్ఞాపకమే ఉండదు. ప్రమాదం జరిగిన కాసేపు మొద్దుబారడం ఎవరికైనా ఉంటుంది. పదేపదే వచ్చి బతుకుకి అడ్డం పడితేనే జబ్బు. ఫ్రాన్సులో పియర్ జానే అనే మనస్తత్వవేత్త 1889లోనే డిసోసియేషన్‌ని మానసిక గాయాలతో ముడిపెట్టి రాశాడు.

పూనకం సంగతీ ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో పూనకం లాంటి స్థితి కూడా ఉంది. కానీ జాతరలో అందరూ ఒప్పుకున్న పూనకం జబ్బు కాదు. వద్దన్నా వచ్చి, మనిషిని బాధపెట్టేదే జబ్బు.

పర్లాకిమిడి అక్కా, ఆ టెస్టు దండగేమీ కాదు. ఫిట్స్‌లో కూడా కొన్ని ఇలాగే, మనిషి నిలబడి చూస్తుండగానే వస్తాయి. అది కాదని తేల్చుకోవాల్సిందే. ఈసారి వస్తే కుదిపేయకండి, నీళ్ళు కొట్టకండి. పేరు పెట్టి నెమ్మదిగా పిలవండి, "కాళ్ళ కింద గచ్చు చల్లగా ఉందా?" అని అడగండి. డాక్టరు దగ్గర జబ్బు పేరు చెప్పకండి, చూసింది చూసినట్టు చెప్పండి. ఫోన్లో మాట్లాడాలంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, ఉచితం.

పర్లాకిమిడి నుంచి:

మాస్టారి మాట పట్టుకుని రాత్రి మా అత్తనే అడిగాను, లోపల ఎలా ఉంటుందని. ఇన్నేళ్ళలో ఎవరమూ అడగలేదు. "చెరువులో మునిగితే గట్టు మీద మీరు మాట్లాడుకున్నట్టుంటదే" అంది. దీనికి ఏం పేరు పెట్టమంటావ్ అంటే, "పేరెందుకే, ముందు ఆ రేకులు తీయించండి" అంది.