ఖాళీ పురుగుమందు డబ్బాలు రీసైక్లింగ్‌కి ఇవ్వాలంటే ఎలా కడగాలి?

పల్నాడు మిర్చి:
అందరికీ నమస్తే. ఈసారి నల్ల తామర పురుగుకి మందులు బాగా కొట్టాల్సొచ్చింది, మోటారు షెడ్డులో లీటరు డబ్బాలు, అర లీటరువి, ప్యాకెట్లు అన్నీ కలిపి యూరియా సంచులు నిండిపోయాయి. పాత సామాన్లాయన కిలోల లెక్కన తీసుకుంటానంటున్నాడు గానీ అవి ఎటు పోతాయో తెలీదు. ఊళ్ళో కొందరు ఆ డబ్బాల్లోనే డీజిల్ పోసుకుంటున్నారు, ఇంకొందరు విత్తనాలు దాస్తున్నారు, చూస్తే భయమేస్తుంది. కాల్చబుద్ధి కావట్లేదు. రీసైక్లింగ్‌కి పనికొచ్చేలా చెయ్యాలంటే ఏం చెయ్యాలి?

చేను గట్టు:
తమ్ముడూ, కడగడం తర్వాతెప్పుడో కాదు, మందు కలిపేటప్పుడే అయిపోవాలి. డబ్బా ట్యాంకులోకి వంచాక ధార ఆగి చుక్కలు పడతాయి కదా, అప్పట్నుంచి ఇంకో అర నిమిషం అలాగే పట్టుకో. తర్వాత డబ్బాలో పావు వంతు నీళ్ళు పోసి మూత బిగించి అర నిమిషం అన్ని వైపులా గట్టిగా ఊపు, ఆ నీళ్ళు ట్యాంకులోనే పొయ్యి. ఇలా మూడు సార్లు. ఒకేసారి ఎక్కువ నీళ్ళు పోసి కడిగితే చాలదా అంటారు, చాలదు. లీటరు డబ్బాలో 10 మి.లీ. మందు మిగిలిందనుకో, 750 మి.లీ. ఒకేసారి పోసి కడిగితే మిగిలేది దాదాపు 76లో ఒక వంతు, అవే నీళ్ళు 250 చొప్పున మూడు సార్లు పోస్తే 17 వేలలో ఒక వంతు. నీళ్ళు అవే, తేడా ఎంతుందో చూడు. పైగా ఆ మందు కూడా నువ్వు డబ్బు పెట్టి కొన్నదే, చేలోకే పోతుంది. గ్లౌజులు వేసుకో, బోరు దగ్గరా కాలవ దగ్గరా మాత్రం కడగొద్దు.

కడిగాక మూతి మీద సీలు రేకు ముక్క ఉంటే పీకెయ్యి, మూత కూడా కడిగి వేరే సంచిలో వెయ్యి, అడుగున మేకుతో బెజ్జం పెట్టు. బెజ్జం ఉంటే ఇంక ఎవరూ డీజిల్ పొయ్యరు. వాన తగలని చోట, పశువుల దాణాకి దూరంగా తాళం వేసి పెట్టుకో.

ఓరుగల్లు పత్తి:
మన 1971 ఇన్‌సెక్టిసైడ్స్ రూల్స్‌లో 44వ రూల్ ప్రకారమైతే ప్యాకింగులు పగలగొట్టి జనావాసాలకి దూరంగా పాతిపెట్టాలి, మళ్ళీ వాడుకునేలా బయట పడెయ్యకూడదు. 2016 ప్లాస్టిక్ రూల్స్ వచ్చాక వాడేసిన ప్యాకింగ్ వెనక్కి తీసుకునే బాధ్యత కంపెనీల మీద పెట్టారు. కాబట్టి పాత సామాన్లాయనకి ఇచ్చే ముందు నువ్వు మందు కొన్న కొట్టులో, అలాగే మీ వ్యవసాయ అధికారిని గట్టిగా అడుగు అన్నా. అడిగేవాళ్ళు లేకే ఇది నడవట్లేదు అని నా బాధ. బ్రెజిల్‌లో 2000లోనే చట్టం తెచ్చారు, రైతు మూడు సార్లు కడిగి, బెజ్జం పెట్టి, కొన్న ఏడాదిలోపు బిల్లు మీద రాసిన చోట ఇచ్చెయ్యాలి, తీసుకోవాల్సింది కంపెనీలు. మనకీ అలా బిల్లు మీదే చోటు రాసి ఇస్తే ఎంత బాగుంటుంది.

పల్నాడు మిర్చి:
చాలా థాంక్స్ అన్నా. మరి ఇప్పటికే షెడ్డులో ఎండిపోయిన డబ్బాలు, ప్యాకెట్లు? నెక్స్ట్ ట్యాంకులో కడిగెయ్యనా?

చేను గట్టు:
అక్కడే జాగ్రత్త. ముందు కలుపు మందు డబ్బాలు వేరు చెయ్యి. ముఖ్యంగా 2,4-డి డబ్బా కడిగిన నీళ్ళు మిర్చి మీద గానీ పత్తి మీద గానీ పడితే ఆకులు ముడుచుకుపోయి పంట పాడవుతుంది, దానికి కొద్దిగా చాలు. పురుగుమందువైతే లేబుల్ చూసి, మళ్ళీ అదే మందు అదే పంటకి కొట్టే రోజు దాకా ఆగి ఆ ట్యాంకులోకే కడుగు. ఎండి గోడలకి అంటుకుపోయింది మూడు సార్లకి పోదు, లోపల మరక కనిపిస్తే అది శుభ్రమైన వాటిలో కలపొద్దు, ఒక్కటి కలిసినా సంచి మొత్తం వెనక్కి పంపొచ్చు. రేకు ప్యాకెట్లు పొరలు పొరలుగా ఉంటాయి కాబట్టి డబ్బాలతో పాటు రీసైక్లింగ్‌కి పోవు, దులిపేసి వేరే సంచిలో కట్టిపెట్టు. గుళికల మందు సంచులూ అంతే, నీళ్ళు పొయ్యకు.