పెన్ ట్యాబ్లెట్‌తో తెలుగు అక్షరాలు రాస్తే గుండ్రంగా రావట్లేదు, ఏం చేయాలి?

శ్రీను_ఖమ్మం
మాది ఫ్లెక్సులు, శుభలేఖల పని. ఇన్నాళ్లూ కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మౌస్‌తోనే లాగించాను. ఈమధ్య టైటిల్ చేత్తో రాసినట్టు ఉండాలని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. కంప్యూటర్ తెలుగు అక్షరాలైన అను ఫాంట్లు చూసి చూసి జనానికి విసుగొచ్చినట్టుంది. అందుకని స్క్రీన్ లేని చిన్న పెన్ ట్యాబ్లెట్ ఒకటి తీసుకున్నాను, పలక మీద పెన్నుతో గీస్తే మానిటర్‌లో గీత పడుతుంది. లాప్‌టాప్‌కి పక్కన ఇంకో మానిటర్ కూడా ఉంది. నేను గుండ్రంగానే గీస్తున్నా, సున్నా మాత్రం కోడిగుడ్డులా అడ్డంగా పడుకుంటోంది. ఠ, ల, ర అన్నీ సాగిపోతున్నాయి. పైగా గీత వణుకుతోంది. పెద్ద సైజుది కొనాలంటారా?

రంగులడబ్బా
శ్రీను గారూ, ఆగండి, ఇప్పుడే డబ్బు పెట్టకండి. ముందు డ్రైవర్‌లో (ట్యాబ్లెట్ సెట్టింగుల సాఫ్ట్‌వేర్) మ్యాపింగ్, అంటే పలక జాగా తెర మీద ఎంత జాగాకి కలిపి ఉందో చూడండి. ఉదాహరణకి వాకామ్ కంపెనీ ఇంటుఓస్ ట్యాబ్లెట్ చిన్న సైజులో పెన్ పనిచేసే జాగా 152 బై 95 మిల్లీమీటర్లు, అంటే వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:10. మానిటర్లు ఎక్కువగా 16:9. ఒక్క మానిటర్ అయినా సరే వృత్తం 11 శాతం అడ్డంగా సాగుతుంది. మీరు రెండు తెరలకూ కలిపి వదిలేసినట్టున్నారు. రెండూ 16:9 అయితే రెండు రెట్లకు పైనే సాగుతుంది. ఇంగ్లీషు అక్షరాలు రాసేవాళ్లకి ఒక మానిటర్ మీద ఈ తేడా అంతగా తెలియదు కానీ, మన అక్షరాల్లో సగం వంపులే కదా, వెంటనే పట్టిచ్చేస్తాయి.

డ్రైవర్‌లో ఒక్క మానిటర్‌ని ఎంచుకుని, 'ఫోర్స్ ప్రొపోర్షన్స్' టిక్ పెట్టండి. వేరే కంపెనీ అయితే ఆ ఆప్షన్‌కి ఇంకో పేరు ఉంటుంది. ట్యాబ్లెట్‌లో అడుగున సన్నటి పట్టీ పనిచేయకుండా పోతుంది, అంతే.

శ్రీను_ఖమ్మం
సున్నా సున్నాలా వచ్చింది, థాంక్స్ అన్నా! వణుకు మాత్రం అలాగే ఉంది.

లావణ్య_ఫ్రేమ్స్
నేను యానిమేషన్ స్టూడియోలో చేస్తాను. చిన్న ట్యాబ్లెట్‌లో వణుకు కొంత లెక్క ప్రకారమే వస్తుంది. 24 అంగుళాల మానిటర్ వెడల్పు సుమారు 53 సెంటీమీటర్లు, ట్యాబ్లెట్ 15. మీ చెయ్యి ఒక సెంటీమీటర్ కదిలితే కర్సర్ మూడున్నర కదులుతుంది. అంటే వణుకు కూడా మూడున్నర రెట్లు కనిపిస్తుంది. పేపర్ మీద రాసినట్టు వేళ్లతో గీస్తే ఇదే గోల. మణికట్టు బిగించకుండా మోచేతి నుంచి కదపండి, గీత వేగంగా ఒకే ఊపులో లాగండి. తలకట్టు, దీర్ఘం లాంటివి నెమ్మదిగా లాగితే ఎవరికైనా వంకరే.

సాఫ్ట్‌వేర్‌లో గీత వణుకుని సర్దే స్టెబిలైజర్ కూడా వాడండి. క్రిటా (Krita) అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితమే, అందులో బాగుంటుంది. ఫోటోషాప్‌లో 'స్మూతింగ్' అని పైన బార్‌లోనే ఉంటుంది. మరీ ఎక్కువ పెడితే గీత పెన్ వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది, చిరాకు.

వైరింగ్_వాసు
ఒక్క పని చేసి చూడండి. లాప్‌టాప్ ఛార్జర్ పీకేసి, బ్యాటరీ మీద నెమ్మదిగా ఒక ఏటవాలు గీత గీయండి. వణుకు తగ్గితే మీ చెయ్యి అమాయకురాలు, తప్పు కరెంటుది. ఈ పెన్నుల్లో చాలావాటికి బ్యాటరీ ఉండదు. ట్యాబ్లెట్ కింద ఉన్న కాయిల్స్ అయస్కాంత క్షేత్రం పంపితే పెన్నులోని కాయిల్ దానికి స్పందిస్తుంది, ఆ సంకేతం నుంచే పెన్ ఎక్కడుందో ట్యాబ్లెట్ లెక్క వేసుకుంటుంది. ఎర్తింగ్ సరిగ్గా లేని చోట ఛార్జర్ నుంచి వచ్చే నాయిస్ దీన్ని చెడగొడుతుంది. స్పీకర్లు, ఫోన్ కూడా ట్యాబ్లెట్‌కి ఆనించి పెట్టకండి.

పాతకోరల్
అందరూ పెన్ను గురించే చెబుతున్నారు కానీ, ఫ్లెక్సుకి 20 అడుగుల బ్యానర్ వేసేటప్పుడు సంగతేంటి? ఫోటోషాప్‌లో చిన్న సైజులో బ్రష్‌తో రాసింది అంత పెద్దది చేస్తే అంచులు పగులుతాయి. పెన్నుతో నేరుగా వెక్టార్ (ఎంత పెద్దది చేసినా పగలని గీత) గీస్తే అక్షరానికి వందల నోడ్లు (గీతను వంచే బిందువులు), ప్రతి వంపులో ఒక గడ్డ. నా మటుకు నేను పెన్నుతో డ్రాఫ్ట్ మాత్రమే రాస్తాను. ఊపు, పొంగు, ఒత్తుల జాగా అన్నీ అందులో తేలిపోతాయి. తర్వాత దాన్ని లాక్ చేసి, పైన బెజియర్ టూల్‌తో మౌస్ పట్టుకుని తక్కువ నోడ్లతో గీస్తాను. 'క్ష్మి' లాంటి దానికి పెన్ను ఫైనల్ అంటే నేను నమ్మను.

రంగులడబ్బా
పాతకోరల్ గారితో సగం ఒప్పుకుంటాను. గుడి పోస్టర్, పార్టీ బ్యానర్ అయితే ఆ పద్ధతే రైటు. కానీ చేత్తో రాసిన కళ కావాలంటే, నోడ్లతో నున్నగా చేసేకొద్దీ ఆ కళే పోతుంది. ఇల్లస్ట్రేటర్‌లో కాలిగ్రఫిక్ బ్రష్ తీసుకుని కోణం ఫిక్స్ చేసి, రౌండ్‌నెస్ తగ్గించి చూడండి. పాళీ కలంతో రాసినట్టు లావు సన్నాలు వాటంతటవే వస్తాయి, ప్రెషర్ మీద ఆధారపడక్కర్లేదు. తర్వాత నోడ్లు తగ్గించే 'సింప్లిఫై' కొద్దిగా వేయండి. శ్రీను గారు కోరల్ వాడతారు కాబట్టి అందులో ఆర్టిస్టిక్ మీడియాలో కాలిగ్రఫీ మోడ్ ఉంది. షేప్ టూల్‌తో గీతను ఎంచుకుంటే 'రెడ్యూస్ నోడ్స్' వస్తుంది.

ఎడమచేతి_రాజు
ఎడమచేతి వాళ్ల సంగతి?

లావణ్య_ఫ్రేమ్స్
రాజు, ట్యాబ్లెట్ తిప్పి పెట్టుకుని డ్రైవర్‌లో 180 డిగ్రీలు లేదా లెఫ్ట్ హ్యాండెడ్ ఎంచుకో. బటన్లు ఎడమ పక్కన ఉన్నదైతే అవి కుడిచేతి వైపు వస్తాయి.

శ్రీను_ఖమ్మం
వాసు గారూ, ఛార్జర్ తీస్తే గీత తిన్నగా వచ్చింది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను, షాపులో ఆ బోర్డుకి ఎర్త్ వైరే లేదట! ఇంకో డౌట్. 8192 ప్రెషర్ లెవెల్స్ (పెన్ను ఎంత నొక్కామో గుర్తించే మెట్లు) ఉన్నవి కొంటే గీత ఇంకా బాగా వస్తుందని షాపువాడు అంటున్నాడు. నాది 2048. గట్టిగా నొక్కితేనే లావు గీత వస్తోంది, సాయంత్రానికి వేళ్లు నొప్పి.

లావణ్య_ఫ్రేమ్స్
2048 చాలు అన్నయ్యా, అక్షరాలు రాసేటప్పుడు ఆ తేడా కంటికి కనబడదు. ఎంత తేలిగ్గా తాకితే గీత మొదలవుతుంది అనేది అంతకంటే ముఖ్యం, అది బాక్సు మీద పెద్దక్షరాల్లో వేయరు. డ్రైవర్‌లో పెన్ ప్రెషర్‌ని 'సాఫ్ట్' వైపు జరపండి, వేళ్లకి హాయి. పెన్ నొక్కి పట్టుకుంటే చుట్టూ రింగు వచ్చి ఆగిపోతోందా? విండోస్‌లో 'ప్రెస్ అండ్ హోల్డ్' తీసేయండి. నిబ్ ఒక పక్కకి అరిగి పదునెక్కితే వెంటనే మార్చేయండి, లేదంటే ట్యాబ్లెట్ మీద గీతలు పడతాయి.

పాతకోరల్
శ్రీను, ఎర్తింగ్ అయ్యాక ఒక 'శ్రీరస్తు' రాసి ఇక్కడ పెట్టు. నోడ్లు కనిపించేలా స్క్రీన్‌షాట్ పెట్టు, ఎన్ని తగ్గించొచ్చో చూద్దాం.