ఆల్కేన్, ఆల్కీన్, ఆల్కైన్: గుణింతం తప్పితే బంధం తప్పినట్టే

ప్రశ్న: రెండేసి కర్బనాలతో హైడ్రోజన్లు కలిసిన ఈథేన్, ఈథీన్, ఈథైన్‌ల పేర్ల మధ్య తేడా ఒక్క గుణింతమే. చేతిరాతలోనూ డీటీపీలోనూ తరచూ తారుమారవుతున్నాయి. పదం చివర చూసి బంధం చెప్పేయవచ్చా?

జవాబు: ఆ అచ్చులు కావాలని పెట్టినవే. 1866లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త హాఫ్‌మన్ లాటిన్ అచ్చుల (a, e, i, o, u) వరసలోనే ప్రత్యయాలు ప్రతిపాదించాడు. ఈ అర్థంలో మొదటి మూడే నిలిచాయి. మనకు ఏత్వమైతే ఏకబంధం (ఆల్కేన్), గుడిదీర్ఘమైతే ద్విబంధం (ఆల్కీన్), ఐత్వమైతే త్రిబంధం (ఆల్కైన్). కర్బనానికి నాలుగే చేతులు. పక్క కర్బనాన్ని ఒక చేత్తో పట్టుకుంటే హైడ్రోజన్లకు మూడు మిగులుతాయి, రెండు చేతులతో పట్టుకుంటే రెండు, మూడింటితో అయితే ఒకటే. అందుకే ఆ మూడింటిలో హైడ్రోజన్లు వరసగా 6, 4, 2. పట్టు బిగిసేకొద్దీ కర్బనాల మధ్య దూరమూ తగ్గుతుంది: 1.54, 1.34, 1.20 ఆంగ్‌స్ట్రామ్‌లు.

ప్రూఫ్ దిద్దేవాళ్లు ముందు చూడాల్సింది 'థై' కింది గుర్తు. అది రాలితే 'థె' మిగులుతుంది, చదివేవారు 'థే' అనుకుంటారు. త్రిబంధం కాస్తా ఏకబంధమైపోతుంది! పక్కన ఫార్ములా ఉంటే హైడ్రోజన్లు లెక్కపెట్టండి. అన్నీ ఏకబంధాలున్న గొలుసులో కర్బనాల సంఖ్యకు రెట్టింపు, పైన రెండు ఉండాలి. ద్విబంధానికి 2, త్రిబంధానికి 4 తగ్గుతాయి. వలయం ఉన్నా 2 తగ్గుతాయి, అక్కడ జాగ్రత్త: సైక్లోహెక్సేన్‌కూ హెక్సీన్‌కూ 12 హైడ్రోజన్లే.

మరొకరు: మరి ఎసిటిలీన్? గుడిదీర్ఘం ఉంది, బంధాలు మూడు. పాలిథీన్ గొలుసులో ద్విబంధాలే లేవు. ఎమీన్‌లో 'ఈన్' నత్రజని గురించి చెబుతుంది.

జవాబు: నిజమే. ఎసిటిలీన్ పాత పేరు, ఈథైన్ అన్నా అదే. పాలిథీన్ తాను పుట్టిన ఈథీన్ పేరును మోస్తోంది, కలిసేటప్పుడే ద్విబంధం తెగిపోయింది. గుణింతం సూత్రం ఐయూపాక్ (రసాయనాల పేర్లకు నియమాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ) పేర్లకే నమ్మకం.

మరొకరు: పదార్థమే చేతిలో ఉంటే బ్రోమిన్ నీళ్లు చాలవా?

జవాబు: చాలవు. ఈథీన్, ఈథైన్ రెండూ ఆ నీళ్ల నారింజ రంగు పోగొడతాయి. అమ్మోనియా కలిపిన సిల్వర్ నైట్రేట్‌లోకి ఈథైన్ పంపితే తెల్లని అవక్షేపం (కరగకుండా అడుగున చేరే మడ్డి) వస్తుంది, ఈథీన్‌కు రాదు. ఆ అవక్షేపం ఎండితే పేలుతుంది కాబట్టి తడిగా ఉన్నప్పుడే సజల ఆమ్లం పోసి నాశనం చేయాలి. బ్యూట్-2-ఐన్ మాత్రం ఈ పరీక్షకు దొరకదు. ఐత్వమైతే ఉంది గానీ, త్రిబంధపు కర్బనాల మీద హైడ్రోజనే లేదు.